చేపల తొట్టికి ఆధారపీఠము

నీరు తేలికైన వస్తువని మనలో పలువురికి ఒక భ్రమ ఉన్నది. గ్లాసుతో త్రాగుతాము, చెంబుతో పోసుకొంటాము, దోసిటితో ఎత్తుకొంటాము. కాని ఏటినుండి నిండుబిందెను చంకన పెట్టుకొని ఇంటికి వచ్చిన ఇల్లాలిని అడిగినచో నీటి బరువెంతో ఆమె చెప్పగలదు. అటువంటి పదిహేను, ఇరవై బిందెల నీటిని ఒకేచోట, పగలు రాత్రి అనక, సంవత్సరముల తరబడి నిలిపి ఉంచవలసిన వస్తువు ఒకటి ఇప్పుడు మన పాఠశాలలలోనికి, ఇండ్లలోనికి వచ్చినది. అదే అక్వేరియము, అనగా చేపల తొట్టి. తొట్టిని కొనునప్పుడు చేపలను గూర్చి, మొక్కలను గూర్చి, గాలి పంపును గూర్చి అందరము ఆలోచిస్తాము. దానిని మోయవలసిన పీఠమును గూర్చి మాత్రము చివర ఆలోచిస్తాము. ఒక్కొక్కప్పుడు ఆలోచించనే ఆలోచించము.

మేమును అట్లే చేసినాము. కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయు కళాశాలలో నాలుగడుగుల తొట్టినొకదానిని ప్రయోగశాలలోని టేకు బల్లపై ఉంచినాము. ఆ బల్లపై ఎనిమిదిమంది నిలుచున్నను కదలదని మాకు ధైర్యము. ఐదవ నెలలో ఒక సోమవారము ఉదయము తలుపు తీసేసరికి గది నిండా నీరు. తొట్టి అడుగు అద్దము ఒక మూలనుండి ఏటవాలుగా పగిలి ఉన్నది. చేపలు నేలపై పడి చనిపోయినవి. గాలి పంపుకు విద్యుత్తు అందించు బోర్డు నేలమీదనే ఉండెను. మా ప్రయోగశాల సహాయకుడు నీటిలో అడుగు పెట్టక ముందే మెయిన్ స్విచ్చి ఆపివేసినాడు కనుక మనిషి ప్రాణమునకు ముప్పు రాలేదు.

ఎనిమిదిమందిని మోయగల బల్ల ఐదుగురి బరువుండే తొట్టిని ఎందుకు మోయలేకపోయినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశము. సమాధానము దొరికినచో మంచి పీఠమును ఎట్లు నిర్మించవలెనో దానంతట అదే తెలుస్తుంది.

భారమెంత?

120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తుగల తొట్టిని ఉదాహరణగా తీసుకొందాము. దీని ఘనపరిమాణము 2,43,000 ఘన సెం.మీ.లు, అనగా 243 లీటర్లు. ఒక లీటరు నీటి ద్రవ్యరాశి ఒక కిలోగ్రాము కనుక అంచువరకు నింపిన నీరు 243 కి.గ్రా. అద్దము 10 మి.మీ. మందమైనచో అడుగు, నాలుగు ప్రక్కలు కలిసి 20,250 చ.సెం.మీ. వైశాల్యము, అద్దము సాంద్రత నీటికి రెండున్నర రెట్లు, కావున అద్దము బరువు సుమారు 51 కి.గ్రా. అడుగున 5 సెం.మీ. మందమున గులకరాళ్లు పోసినచో అవి సుమారు 42 కి.గ్రా. తూగుతాయి, కాని అవి తమ ఘనపరిమాణమునకు సరిపడా, అనగా సుమారు 16 లీటర్ల నీటిని తొలగిస్తాయి. కావున నికరముగా పెరుగునది 26 కి.గ్రా. మూత, దీపము మొదలైనవి మరొక పది. మొత్తము 330 కి.గ్రా. భారము, అనగా దాదాపు 3,240 న్యూటన్ల బలము. ఆరున్నర సిమెంటు బస్తాలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు!

ఇచ్చట విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. తొట్టి ప్రక్క అద్దములపై నీరు త్రోపిడి చేస్తుంది గదా, దానిని కూడ పీఠము మోయవలెనా అని అడుగుతారు. అడుగున నీటి పీడనము చ.సెం.మీ.కు 45 గ్రాములు, పైన శూన్యము, సగటు 22.5 గ్రాములు. పొడవైన అద్దము వైశాల్యము 5,400 చ.సెం.మీ. కావున దానిపై పడు బలము సుమారు 121 కి.గ్రా. భారమునకు సమానము. ఇది స్వల్పమైనది కాదు. కాని ముందరి అద్దముపై పడు బలమును వెనుక అద్దముపై పడు బలము సరిగా ఎదుర్కొంటుంది. ఈ రెండింటిని పట్టి ఉంచు పని అద్దముల అతుకులది. పీఠమునకు చేరునది నిలువు భారము మాత్రమే.

కాళ్లా? దూలములా?

పీఠము అనగానే లావైన కాళ్లు కావలెనని అందరును అంటారు. లెక్క వేసి చూతము. టేకు, మద్ది వంటి కొయ్యను నారవెంట నొక్కినచో చ.సెం.మీ.కు 50 కి.గ్రా. భారమును నిర్భయముగా మోపవచ్చును. 7 సెం.మీ. చదరపు కాలి అడ్డుకోత వైశాల్యము 49 చ.సెం.మీ. అట్టి ఒక్క కాలు 2,450 కి.గ్రా. మోయగలదు. మన తొట్టి మొత్తము భారము దానిలో ఏడవ వంతు. పొడవైన సన్నని కాలు నలగక ముందే విల్లువలె వంగిపోవచ్చునని 18వ శతాబ్దములో ఆయిలర్ చూపినాడు. కాని ఇంత పొట్టి, లావు కాలికి ఆ భయము కూడ లేదు. కావున కాళ్ల బలము మనకు సమస్యయే కాదు.

సమస్య కాళ్లను కలుపు అడ్డదూలములలో ఉన్నది. ముందు దూలము ఒకటి, వెనుక దూలము ఒకటి చెరి సగము, అనగా 165 కి.గ్రా. చొప్పున మోయుచున్నవనుకొందాము. దూలము 10 సెం.మీ., 4 సెం.మీ. కొలతలు గలది, కాళ్ల నడుమ దూరము 110 సెం.మీ. సమముగా పరచిన భారము క్రింద దూలము మధ్య ఎంత వంగునో తెలుపు సూత్రము ఇది: భారమును పొడవు ఘనముతోను 5తోను గుణించి, ఆ లబ్ధమును 384, కొయ్య యంగ్ గుణకము, అడ్డుకోత జడత్వ భ్రామకము అను మూడింటి లబ్ధముతో భాగించవలెను. జడత్వ భ్రామకమనగా వెడల్పును ఎత్తు ఘనముతో గుణించి 12తో భాగించగా వచ్చునది. కొయ్యలో కణుపులు, పగుళ్లు ఉండవచ్చును కనుక యంగ్ గుణకమును తగ్గించి చ.సెం.మీ.కు 80,000 కి.గ్రా. అని తీసుకొందాము.

దూలమును పలకగా, 4 సెం.మీ. ఎత్తుండునట్లు పరచినచో అది మధ్యలో 6.7 మి.మీ. వంగుతుంది. అదే దూలమును అంచుమీద, 10 సెం.మీ. ఎత్తుండునట్లు నిలిపినచో 1.1 మి.మీ. మాత్రమే వంగుతుంది. కొయ్య అదే, ఖర్చు అదే. బిగువు మాత్రము ఆరు రెట్లకు పైగా పెరిగినది. ఉపాధ్యాయులు తరగతిలో ఒక స్కేలును రెండు పుస్తకములపై ముందు పలకగాను, తరువాత అంచుమీదను పెట్టి నడుమ వ్రేలితో నొక్కించినచో, లెక్క రాని విద్యార్థికి కూడ ఇది బోధపడుతుంది.

ఒక మి.మీ. వంగినచో మునిగినదేమి అని అనవచ్చును. కొయ్య ఇనుమువంటిది కాదు. నిలకడగా భారము మోయుచున్న కొయ్య నెలలు గడచినకొలది మెల్లమెల్లగా ఇంకను సాగుతుంది. తేమ తగిలినచో ఇంకను ఎక్కువ. నేడు ఒక మి.మీ. ఉన్న వంపు ఒకటి రెండు సంవత్సరములలో రెట్టింపు కావచ్చును. అందుచేత పొడవైన ప్రతి దూలమునకు మధ్యలో ఇంకొక కాలు ఇచ్చుట మేలు. నడుమ దూరము సగమైనచో, సెంటీమీటరుకు పడు భారము అదే అయినను, వంపు పదునారవ వంతునకు తగ్గుతుంది. నాలుగు కాళ్ల పీఠము ఆరు కాళ్లది అవుతుంది.

గెలీలియో చెప్పిన స్తంభము కథ

అయితే ఆధారములు పెరిగిన కొలది క్షేమము పెరుగునా? గెలీలియో 1638లో ప్రకటించిన ‘రెండు నూతన శాస్త్రములు’ అను గ్రంథములో దీనిని గూర్చి ఒక ఉదంతము చెప్పినాడు. ఒక పెద్ద చలువరాతి స్తంభమును నేలపై పడుకోబెట్టి, రెండు కొనల క్రింద రెండు దిమ్మలు ఉంచినారు. అది మధ్యలో విరుగునేమో అను అనుమానముతో ఒక పనివాడు నడుమ కూడ ఒక దిమ్మను పెట్టుట మంచిదన్నాడు. అందరును మెచ్చుకొన్నారు. కొన్ని నెలల తరువాత స్తంభము సరిగా ఆ నడిమి దిమ్మపైననే విరిగినది. కారణమేమనగా, కొననున్న దిమ్మ ఒకటి కాలక్రమమున చివికి క్రుంగినది. నడిమి దిమ్మ మాత్రము క్రుంగలేదు. స్తంభపు కొన గాలిలో వ్రేలాడి, తన బరువుతో తానే విరిగినది. దిమ్మలు రెండే ఉన్నప్పుడు ఒకటి క్రుంగినచో దానితోపాటు స్తంభము కూడ క్రిందికి దిగి ఉండెడిది. హాని కలిగెడిది కాదు.

మన బల్ల రహస్యము కూడ ఇందులోనే ఉన్నది. మూడు బిందువుల గుండ ఎల్లప్పుడును ఒక తలము పోతుంది. నాలుగవ బిందువు అదే తలములో ఉండవలెనను నియమము లేదు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేలపై కూడ కదలక నిలుచుటకును, నాలుగు కాళ్ల కుర్చీ డగడగలాడుటకును ఇదే కారణము. తొట్టి పగిలిన తరువాత మేము బల్లను ఖాళీ చేసి పరీక్షించినాము. ఒక కాలి క్రింద నేల బండ క్రుంగి ఉన్నది. ఖాళీ బల్ల క్రింద ఆ కాలికి, బండకు నడుమ 2 మి.మీ. సందు కనబడినది. తొట్టి నిండుగా ఉన్నప్పుడు మాత్రము ఆ సందు ఎవరికిని కనబడలేదు. అయితే ఆ సందు ఏమైనది? బల్ల పైతలములోనికి వచ్చినది! భారముచేత బల్ల మెలిపడి ఆ కాలు నేలను తాకినది. కొయ్య మెలిపడి ఓర్చుకొన్నది, అద్దము ఓర్వలేకపోయినది.

అద్దమునకు నొక్కుడును ఓర్చు శక్తి ఎక్కువ, లాగుడును ఓర్చు శక్తి తక్కువ. అద్దముపై కంటికి కనబడని గీతలు ఎల్లప్పుడును ఉంటాయి. లాగుబలము అట్టి గీత కొనవద్ద కేంద్రీకృతమై పగులును ముందుకు నడుపునని గ్రిఫిత్ 1921లో విశదపరచినాడు. అద్దము క్రింద ఇరుకుకొన్న ఒక్క ఇసుక రేణువు కూడ ఇట్టి పగులునకు ఆరంభము కావచ్చును. కావున పీఠమును గూర్చి మనము అడుగవలసిన ప్రశ్న ‘ఎంత మోయగలదు?’ అన్నది కాదు; ‘మోయుచు ఎంత కదలకుండ ఉండగలదు?’ అన్నది.

చతురస్రము, త్రిభుజము

నాలుగు కొబ్బరి ఈనెలను గుండుసూదులతో దీర్ఘచతురస్రముగా కూర్చి ప్రక్కకు నెట్టి చూడుడు. అది సులభముగా వాలిపోతుంది. మూడు ఈనెలతో త్రిభుజమును చేసి నెట్టుడు. ఈనె విరుగవలెనే గాని ఆకారము మారదు. భుజముల పొడవులు మూడును నిర్ణయమైనచో త్రిభుజము నిర్ణయమగునను రేఖాగణిత సిద్ధాంతమే ఇచ్చట పనిచేయుచున్నది. వంతెనలలోను, రైలు స్టేషను కప్పులలోను త్రిభుజములు కనబడుటకు కారణమిదే.

కాళ్లు, దూలములు మాత్రమే గల పీఠము ఈనెల చతురస్రమువంటిది. ప్రక్కకు నెట్టినప్పుడు బలమంతయు మూలలలోని మేకులపై పడుతుంది. నాలుగైదుసార్లు ఊగిన మేకు తన రంధ్రమును తానే వెడల్పు చేసుకొంటుంది. అందుచేత వెనుక వైపును, రెండు ప్రక్కలను ఐమూల బద్దలతో గాని, 12 మి.మీ. ప్లైవుడ్ పలకతో గాని బిగించవలెను. పైన ఎట్లును పలక ఉంటుంది. ఈ నాలుగు తలములు బిగిసినచో ముందు భాగమును తెరచి ఉంచుకొన్నను పీఠము వాలదు.

ఒరిగిపోవుట

75 సెం.మీ. ఎత్తైన పీఠముపై తొట్టి ఉన్నప్పుడు దాని గురుత్వకేంద్రము నేలనుండి సుమారు 97 సెం.మీ. ఎత్తున ఉంటుంది. పీఠము వెడల్పు 45 సెం.మీ. కావున గురుత్వకేంద్రమునుండి దించిన లంబము అంచుకు 22.5 సెం.మీ. లోపల పడుతుంది. లెక్క ప్రకారము 13 డిగ్రీలు వాలినచో తొట్టి పడిపోతుంది. తొట్టి పై అంచును, అనగా 120 సెం.మీ. ఎత్తున, 62 కి.గ్రా. బలముతో నెట్టినచో పీఠము వెనుక కాళ్లు గాని ముందు కాళ్లు గాని లేస్తాయి. వాలుట మొదలైన పిదప నీరు కూడ అటువైపునకే పొర్లి పని పూర్తిచేస్తుంది. చేపలను చూచు ఉత్సాహములో ముగ్గురు పిల్లలు ఒకేసారి తోసుకొన్నచో ఇంతటి బలము రావచ్చును. కనుక పాఠశాలలలో పీఠమును గోడకు ఆనించి, పై దూలమును రెండు ఇనుప కోణపు బద్దలతో గోడకు బిగించుట ఐచ్ఛికము కాదు, తప్పనిసరి.

నిర్మాణము

బాగుగా ఆరిన టేకును గాని మద్దిని గాని తీసుకొనవలెను. పచ్చి కొయ్య ఆరునప్పుడు మెలిపడుతుంది. పొట్టు అదిమి చేసిన బోర్డు నీరు తగిలినచో ఉబ్బి పిండియగును, దానిని వాడరాదు.

కాళ్లు: 7 సెం.మీ. చదరము, 63 సెం.మీ. పొడవు, ఆరు. ఆరింటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే గీత గీసి, ఒకే పర్యాయము కోయించవలెను. గెలీలియో స్తంభమును మరువరాదు. నడిమి కాలు ఒక్క మి.మీ. పొడవైనను హానియే.

దూలములు: 10 సెం.మీ., 4 సెం.మీ. కొలతలతో 120 సెం.మీ. పొడవుగలవి రెండు. వీనిని అంచుమీద నిలిపి, కాళ్ల తలలపైననే కూర్చుండబెట్టవలెను. కాలి ప్రక్కన దూలమును ఆనించి మరమేకులు బిగించినచో తొట్టి భారమంతయు మేకులమీద వ్రేలాడుతుంది. భారము కొయ్యనుండి కొయ్యకు, కొయ్యనుండి నేలకు నేరుగా దిగవలెను. మేకు పని వస్తువులను తమ తావులనుండి తొలగకుండ పట్టుట మాత్రమే. రెండు కొనలయందును, మధ్యను మూడు అడ్డుకొయ్యలతో దూలములను కలుపవలెను. నేలకు 10 సెం.మీ. ఎత్తున కాళ్లను కలుపుచు మరొక చట్రము అమర్చవలెను.

పైపలక: నీటికి తట్టుకొను 18 మి.మీ. ప్లైవుడ్. మూలమట్టముతో మూలలన్నియు లంబకోణములని చూచిన తరువాతనే జిగురు పూసి మరమేకులు బిగించవలెను. కోసిన అంచులతో సహా అంతటను రెండు మూడు పూతలు వార్నిషు వేయవలెను. కొయ్య నీరు త్రాగునది ముఖ్యముగా కోసిన కొనలనుండియే.

అడుగు అద్దము నేరుగా పీఠముపై ఆను తొట్టియైనచో, పలకపై 12 మి.మీ. థర్మోకోలు అట్టను పరచవలెను. చిన్న ఎగుడుదిగుడులను అది తనలో ఇముడ్చుకొంటుంది. అంచుల చుట్టు చట్రము గలిగి, అడుగు అద్దము పైకి లేచియుండు తొట్టి క్రింద మాత్రము దీనిని వేయరాదు. అడుగు అద్దమును అది అనవసరముగా పైకి నెట్టవచ్చును.

మట్టము, పరీక్ష

పీఠమును దాని తావున నిలిపి, రసమట్టముతో పొడవునను, వెడల్పునను చూడవలెను. మెలిని రసమట్టము ఒక్కటి పట్టలేదు. దానికి ఒక తేలికైన ఉపాయమున్నది. పైపలక ఎదురెదురు మూలలను కలుపుచు రెండు దారములను బిగువుగా కట్టవలెను. కూడలిలో రెండును ఒకదానినొకటి తాకీ తాకనట్లున్నచో నాలుగు మూలలు ఒకే తలములో ఉన్నవన్నమాట. నడుమ సందున్నను, ఒకటి రెండవదానిని నొక్కుచున్నను పీఠము మెలిపడినదని అర్థము. అప్పుడు కాలి క్రింద పలుచని గట్టి బద్దలు పెట్టి సరిచేయవలెను.

తరువాత 50 కి.గ్రా. ఇసుక బస్తాలు ఏడింటిని పీఠముపై పరచి ఒక వారము ఉంచవలెను. దూలము రెండు కొనలకు దారము లాగి కట్టి, మధ్య వంపును ప్రతిదినము స్కేలుతో కొలచి విద్యార్థులు గ్రాఫు గీయవచ్చును. గీత సమతలమునకు వచ్చినచో పీఠము నిలదొక్కుకొన్నట్లే; దినదినము దిగుచునే ఉన్నచో ఎక్కడనో లోపమున్నది. అది బస్తాల క్రింద బయటపడుట మేలు, చేపల క్రింద కాదు.

తొట్టిని కూడ ఒకేసారి నింపరాదు. మూడవ వంతు నింపి ఒక దినము ఆగి, నాలుగు మూలలయందును నీటిమట్టమునకు, తొట్టి అంచునకు గల దూరమును కొలవవలెను. ఇచ్చట నీరే రసమట్టము. నాలుగు కొలతలు సమానమైనచో మరొక మూడవ వంతు నింపవచ్చును.

పై అంతస్తులకు ఒక హెచ్చరిక. మన తొట్టి, పీఠము కలిసి నేలపై చదరపు మీటరుకు 650 కి.గ్రా.కు పైగా మోపుతాయి. తరగతి గదుల నేలకు లెక్కలో తీసుకొను భారము చదరపు మీటరుకు సుమారు 300 కి.గ్రా. మాత్రమే. తావు చిన్నది కనుక చుట్టునున్న నేల కూడ పాలుపంచుకొనునన్నది నిజమే అయినను, నేల అంతస్తే శ్రేష్ఠము. తప్పనిచో ఇంజనీరును అడుగవలెను. విద్యుత్తు బోర్డు ఎన్నడును నేలపైగాని, తొట్టి క్రిందగాని ఉండరాదు. తీగ బోర్డుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చినచో, తీగవెంట జారు నీటిబొట్టు బోర్డును చేరక వంపువద్దనే రాలిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల స్రావమునకే విద్యుత్తును ఆపివేయు రక్షక స్విచ్చి ఉండుట అవసరము.

పగిలిన తొట్టికి బదులు మేము మరొక తొట్టిని కొని, పైన చెప్పిన విధముగా ఆరు కాళ్ల పీఠమును చేయించినాము. లెక్కలు విద్యార్థులే వేసినారు, దారములు వారే కట్టినారు. నెలకొకసారి నాలుగు మూలల నీటిమట్టమును కొలచి గోడపై కాగితములో వ్రాయుట నేటికిని వారి పనియే. చేపలను చూచుటకు వచ్చినవారు ఆ కాగితమును చూచి ఇదేమని అడుగుతారు. అడిగినవారికి తొట్టి క్రింద ఏమున్నదో చూపి చెప్పుట మా విద్యార్థులకు అలవాటైనది.